బాబుకి పళ్ళకి ఫ్లోరైడ్ పూయించాం, తిండి ఎప్పుడు పెట్టాలి? అరగంటా, రేపటిదాకానా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), మధ్యాహ్నం 1:12

అందరికీ నమస్తే, కొంచెం అర్జెంటు, తెలిసినవాళ్ళు త్వరగా చెప్పండి ప్లీజ్. మా బాబుకి ఐదు నిండి ఆరు నడుస్తోంది. మొన్న స్కూల్లో పళ్ళ చెకప్ కేంప్ పెట్టినప్పుడు వీడి ముందు పళ్ళ మీద చిగురుకి ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్ల మచ్చలున్నాయని, పుచ్చు మొదలవడానికి ముందు ఇలాగే ఉంటుందని చీటీ రాసిచ్చారు. సరే అని ఇవాళ పొద్దున్న పదకొండున్నరకి టౌన్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. డాక్టర్‌గారు దూదితో పళ్ళు తుడిచి చిన్న బ్రష్షుతో పసుపచ్చ జిగురులాంటిది పూసి పంపించేశారు, మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, వాడు ఏడవను కూడా లేదు.

ఇప్పుడు గొడవేటంటే డాక్టర్‌గారు మెత్తటివి పెట్టండి, ఇవాళ బ్రష్ వద్దు అన్నట్టు గుర్తు, కానీ వాడు ఆ కుర్చీ మీంచి దూకేస్తుంటే పట్టుకునే హడావిడిలో సగమే విన్నాను. బయట కౌంటర్లో అమ్మాయేమో అరగంట ఏం పెట్టకండి మేడం, నీళ్ళు కూడా వద్దు, తర్వాత అంతా మామూలే అంది. ఇంటికొచ్చి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, లంచ్ టైం అనుకుంటా. రెండేళ్ళ కింద మా పాపకి వైజాగ్‌లో చేయించినప్పుడు కూడా అరగంటే అన్నారు, అది నాకు బాగా గుర్తు. ఎవరి మాట వినాలి?

ఇంట్లో ఇంకో రగడ. అత్తయ్యగారు వాడి నోరు చూసి పళ్ళు పసుపు రాసిన గడపలాగ చేసేశారేంటి అని మొదలెట్టారు, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పోతుంది అంటున్నారు. పొయ్యి మీద పప్పుచారు పొగలు కక్కుతోంది. వాడికి కావాల్సిందేమో రథసప్తమికి బండి మీద కొన్న సాగే బెల్లం జీళ్ళు, డబ్బాలో ఇంకో నాలుగున్నాయి, ఎక్కడ దాచినా కనిపెట్టేస్తాడు. సాయంత్రం మా ఆడపడుచు పలాస నుంచి వస్తోంది, జీడిపప్పు పాకం అచ్చులు లేకుండా రాదు. ఈలోపు వీడు నాలుకతో పళ్ళు తడుముకుంటూ అమ్మా గరుగ్గా ఉంది, ఫెవికాల్ అంటుకుపోయింది అంటున్నాడు. ఏం పెట్టను ఈ గుంటడికి?


బుల్లెట్_ఇజీనారం, 1:19

అరగంట ఎప్పుడో అయిపోయింది కదండి, పెట్టేయండి. నాకు కిందటేడు చేశారు, నోట్లో రెండు ట్రేలు పెట్టి నురగలాంటిది వేసి నాలుగు నిమిషాలు కూర్చోబెట్టారు, చొంగ కారిపోయి షర్టంతా ఖరాబు. అయ్యాక అరగంట ఏం తినొద్దన్నారు, నేను సరిగ్గా అరగంట చూసుకుని గంటస్తంభం దగ్గర అల్లం టీ కొట్టేశాను, ఏమీ కాలేదు. మరీ ఎక్కువ ఆలోచించకండి.


కుర్చీ_పక్కన, 1:31

పైన అన్నయ్య చెప్పింది ఆయనకి చేసినదానికి కరెక్టే, ఈ బాబుకి కాదు. నేను డాక్టర్ని కాదు, విజయనగరంలో ఒక డెంటల్ క్లినిక్‌లో ఏడేళ్ళుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను, రోజూ ఇదే ప్రశ్న ఇదే కన్‌ఫ్యూజన్.

ఫ్లోరైడ్ అని అందరూ ఒకటే పేరు పెట్టి పిలుస్తారు గానీ అవి వేరు వేరు. ట్రేలో పెట్టి కూర్చోబెట్టేది జెల్ లేదా ఫోమ్, దాంట్లో 1.23 శాతం ఫ్లోరైడ్ ఉంటుంది, పుల్లగా ఉంటుంది, అయ్యాక బాగా ఉమ్మేయించి అరగంట తినొద్దు, తాగొద్దు, పుక్కిలించొద్దు అంటాం. ఎందుకంటే అది పంటికి అతుక్కోదు, నీళ్ళు తాగితే కొట్టుకుపోతుంది, ఆ అరగంట దానికి పని చేసుకునే టైం ఇవ్వడం అన్నమాట. మీ పాపకి చేసింది ఇదే అయ్యుంటుంది. ఆరేళ్ళలోపు పిల్లలు ఉమ్మకుండా మింగేస్తారని వాళ్ళకి మామూలుగా జెల్ పెట్టరు.

బ్రష్షుతో పూసింది, పసుపచ్చగా జిగురుగా ఉంది అంటే అది వార్నిష్. 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 22,600 పాళ్ళు ఫ్లోరైడ్), అంకె చూసి కంగారు పడకండి, పాల పళ్ళన్నిటికీ కలిపి పావు మిల్లీలీటరు సరిపోతుంది. ఇది చెట్టు బంకలో కలిపి ఉంటుంది, ఉమ్ము తగలగానే గట్టిపడి పంటిని పట్టుకుంటుంది. అందుకే నీళ్ళు తాగొచ్చు, చల్లటివి మెత్తటివి తినొచ్చు, అరగంట ఆకలితో కూర్చోబెట్టక్కర్లేదు. అసలు జాగ్రత్త అరగంట తర్వాత మొదలవుతుంది. ఆ పొర ఎన్ని గంటలు పంటి మీద ఉంటే అంత మంచిది, కంపెనీని బట్టి నాలుగు నుంచి ఆరు గంటలు, కొన్నిటికి మర్నాడు పొద్దున్నదాకా అంటారు. వేడి తగిలితే బంక మెత్తబడి ఊడుతుంది, కరకరలాడేవి గీకేస్తాయి, జిగురువి అంటుకుని ఊడబీకేస్తాయి, అంతే లెక్క.

కౌంటర్లో అమ్మాయి జెల్ రూలు చెప్పేసింది. తప్పు పట్టట్లేదు, రోజుకి పదిమంది వస్తారు, ఎవరికి ఏది చేశారో లోపలినుంచి చీటీ రాకపోతే ఆమెకేం తెలుస్తుంది. పదకొండున్నరకి పూశారు కాబట్టి తక్కువలో తక్కువ సాయంత్రం ఐదున్నరదాకా జాగ్రత్త, నన్నడిగితే రాత్రి బ్రష్ కూడా మానేసి రేపు పొద్దున్న చేయించండి, మీ డాక్టర్‌గారు ఇవాళ బ్రష్ వద్దు అన్నారుగా, అదే ఫైనల్. ఉప్పునీళ్ళు పుక్కిలించడం ఇవాళ వద్దు, మౌత్‌వాష్ అసలే వద్దు, చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, బంక దాంట్లో కరుగుతుంది. పసుపు రంగు పూతది, పంటిది కాదు, రేపు బ్రష్షుతో పోతుందని అత్తయ్యగారికి చెప్పండి. జీళ్ళ డబ్బా మాత్రం అటక మీద పెట్టండి.


బొబ్బిలి_వీణమ్మ, 1:44

చెల్లీ ఆకలితో ఉన్న పిల్లాడికి ఇన్ని రూల్సు చెప్తే ఏం చేస్తాం, ముందు పెరుగన్నం పిసికి పెట్టేయ్. మా అమ్మాయికి ఆర్నెల్లకోసారి పూయిస్తున్నాం, ఇప్పటికి మూడుసార్లు అయింది, మొదటిసారి నేను చేసిన ఘనకార్యం చెప్తాను విను.

విజయనగరంలో పూయించి బస్సెక్కాం, గజపతినగరం దాటేసరికి ఆకలి ఆకలి అని ఒకటే సొద. బస్సులోకొచ్చినవాడి దగ్గర చేగోడీలు కొనిచ్చాను, మెత్తటిది పెట్టమని చెప్పారు కానీ బస్సులో మెత్తటిది ఎక్కణ్ణుంచి వస్తుంది. అది ఒకటి కొరికి తీసి అమ్మా చేగోడీకి మైనం అంటింది అని చూపించింది. చూద్దును కదా, కొరికిన అంచుకి గోరంత పసుపచ్చ రేకు, లోపలివైపు పంటి గుంట అచ్చు పడి ఉంది. ఏడొందలు పెట్టి పూయించింది చేగోడీకి పూయించినట్టైంది. అప్పట్నుంచి ఆ రోజుకి తిండి ఇంట్లోంచే కట్టుకెళ్తున్నాను.

నేను పెట్టేవి చెప్తాను. చోడి (రాగి) జావ కాచి స్టీలు గ్లాసులో పోసి ఆ గ్లాసుని నీళ్ళ గిన్నెలో కూర్చోబెడతాను, పది నిమిషాలకి చల్లారుతుంది, మజ్జిగ కలిపేస్తే ఇంకా త్వరగా. చల్లారిన ఇడ్లీ పెరుగులో నానబెట్టి, ముగ్గిన అరటిపండు, మెత్తగా చేసిన ఉప్మా ఆవిరి పోయాక. నీ పప్పుచారన్నం కూడా పెట్టొచ్చు, పళ్ళెంలో వెడల్పుగా పరిచి చల్లారనిచ్చి పెట్టు, చంటిపిల్లల పాలకి చూసినట్టు మణికట్టు మీద ఒక చుక్క వేసుకో, చురుక్కుమనకూడదు. వడియాలు, అప్పడం ఇవాళ కంచంలోకి రానీకు. మామిడి తాండ్ర, తాటి తాండ్ర జీళ్ళకి అన్నలే, అవీ దాచు. మురీ మిక్చర్ బండి వాడు సాయంత్రం గంట కొట్టుకుంటూ వస్తే మాత్రం దేవుడే దిక్కు.

ఇంకోటి, పెద్దదాన్ని ముందు కూర్చోబెట్టి చెప్పు, మా ఇంట్లో రెండోసారి పాడు చేసింది మా పెద్దాడు, చెల్లికి సగం చిక్కీ పెట్టి ప్రేమ చూపించాడు.


బుల్లెట్_ఇజీనారం, 1:50

ఓహో జెల్లు వేరు వార్నిష్ వేరా, నాకు ఇప్పుడే తెలిసింది, నా మాట కొట్టేసినట్టే అనుకోండి. చేగోడీ ముక్క మాత్రం హైలైట్ అక్కా.


నాగావళి_గట్టు, 2:05

థాంక్యూ థాంక్యూ, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాను, తినేశాడు. అత్తయ్యగారు ఇంకా నమ్మలేదు కానీ ఉప్పునీళ్ళ చెంబు లోపల పెట్టేశారు. ఒక డౌటు, అన్నంతో పాటు ఆ పసుపు ముక్కలు కొన్ని మింగేసే ఉంటాడు కదా, పర్లేదా?


రిటైర్డ్_మాస్టారు_ఇచ్ఛాపురం, 2:26

అమ్మా, నేను ఈ విషయంలో మీ అందరికంటే అనుమానపు మనిషిని. మా తోడల్లుడు నల్గొండ జిల్లాలో ఉద్యోగం చేసినప్పుడు మర్రిగూడ వైపు వెళ్ళాను, నలభై ఏళ్ళ మనిషి నడుం వంగిపోయి కర్ర పట్టుకుని నడవడం, స్కూలు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు ఈ కళ్ళతో చూశాను. అదంతా నీళ్ళలో ఫ్లోరైడ్ అన్నారు. నీళ్ళలోంచి దాన్ని తీయడానికి పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి ఉంది, దానికి పేరే నల్గొండ టెక్నిక్. అలాంటి పదార్థాన్ని డబ్బులిచ్చి పిల్లల నోట్లో పూయించుకోవడమేమిటి? ఇక్కడ మా ఉద్దానంలో కిడ్నీల బాధ వేరే ఉండనే ఉంది. నీళ్ళంటేనే భయపడే ఊళ్ళు మావి.


కుర్చీ_పక్కన, 2:58

మాస్టారూ మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న, క్లినిక్‌లో తాతలందరూ అడుగుతారు, కానీ మేం టైం లేక ఏం కాదండి అనేసి పంపించేస్తాం, అది తప్పు.

నల్గొండలో మీరు చూసింది రోజూ, ఏళ్ళ తరబడి, తాగే నీళ్ళతో ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్. నీళ్ళలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే నీళ్ళే దొరక్కపోతే 1.5 దాకా అని మన దేశపు లెక్క, అక్కడ బోర్లలో అంతకు చాలా ఎక్కువ ఉండేది. పళ్ళ మీద చారలు కూడా పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, రోజూ ఎక్కువ మింగితే వస్తాయి. వార్నిష్ ఏడాదికి రెండుసార్లో, పుచ్చు బాగా ఉన్నవాళ్ళకి నాలుగుసార్లో, అదీ పంటి పైన. పావు మిల్లీలీటరు అంటే లెక్కకి దాదాపు ఐదున్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, అది ఒక్కసారే కాకుండా గంటల మీద మెల్లిగా ఊడి లోపలికి వెళ్తుంది. చెల్లీ నీ డౌటుకి కూడా ఇదే జవాబు, ఆ రేకులు మింగినా పర్లేదు. కొంచెం వికారంగా ఉందంటే చల్లటి పాలు పట్టించు, పాలల్లో కాల్షియం ఫ్లోరైడ్‌ని పట్టేస్తుంది. మూతి వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం ఇలాంటివి కనిపిస్తే మాత్రం ఇక్కడ పోస్టులు పెట్టకుండా హాస్పిటల్‌కి పరిగెత్తాలి, ఆ బంక కొంతమందికి పడదు. ఉబ్బసంతో ఎప్పుడైనా హాస్పిటల్లో చేరిన పిల్లలుంటే పూయక ముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఉద్దానం సంగతి వేరు మాస్టారూ, ఆ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, దాన్ని దీన్ని ముడిపెట్టలేం. మీ బోరు నీళ్ళ మీద అనుమానముంటే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ళ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోండి, కాగితం మీద అంకె వస్తుంది.

నిజానికి నాకు భయం వేసేది వార్నిష్ గురించి కాదు, టూత్‌పేస్టు గురించి. టీవీ యాడ్‌లో చూపించినట్టు బ్రష్షు పొడుగూతా వేసి ఇస్తారు, స్ట్రాబెర్రీ వాసనని పిల్లలు చప్పరించి మింగేస్తారు, అదీ రోజుకి రెండుసార్లు. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరు దాకా బఠాణీ గింజంత, అంతకు మించొద్దు. చెల్లీ మీ బాబుకి ఎంత వేస్తున్నావో ఒకసారి చూసుకో.


నాగావళి_గట్టు, 3:10

చూసుకోనక్కర్లేదు, పొడుగూతానే వేస్తున్నాను. సిగ్గుగా ఉంది.


నెల్లిమర్ల_చిన్నోడు, 4:37

మధ్యలో దూరుతున్నందుకు ఏటనుకోకండి, పిల్లల ప్రశ్న కాదు, మా అమ్మది. అరవై దాటాయి, చిగుళ్ళు కిందకి దిగిపోయి పళ్ళ వేర్లు బయటపడ్డాయి, కుండలో నీళ్ళు తాగినా జివ్వుమంటోందంటే నిన్న తీసుకెళ్ళి ఇదే వార్నిష్ పూయించాను. ఇంటికొచ్చి పావుగంట కాలేదు, నేను బండి స్టాండు వేసొచ్చేలోపు పెరట్లో కూకొని చుట్ట వెలిగించేసింది. మామూలు చుట్ట కూడా కాదు, అడ్డచుట్ట, నిప్పు నోట్లోకి పెట్టుకుని కాలుస్తాది, మా ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఏటే ఇది అంటే డాక్టరు వేడి తినొద్దన్నాడు గానీ చుట్ట వద్దనలేదు కదరా అంటాది. ఇవాళ మళ్ళీ జివ్వుమంటోందంట. మళ్ళీ పూయించాలా, ఆ ఏడొందలు ఎనిమిదొందలు పోయినట్టేనా?


కుర్చీ_పక్కన, 5:15

తమ్ముడూ అమ్మగారి పాయింటు కరెక్టే, మేం చుట్ట సంగతి అడగం, వాళ్ళు చెప్పరు. వార్నిష్ మీద వేడి టీయే వద్దంటాం, నోట్లో నిప్పే పెట్టుకుంటే ఇంకేం మిగులుతుంది. కానీ జివ్వుమనడం ఒక్కసారి పూతతో పూర్తిగా తగ్గకపోవచ్చు కూడా, కొందరికి మళ్ళీ మళ్ళీ పూయాలి, ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు.

పూత సంగతి పక్కన పెట్టు. డాక్టర్‌గారికి అడ్డచుట్ట అలవాటని చెప్పావా? చెప్పకపోతే ఈసారి వెళ్ళినప్పుడు మొదట అదే చెప్పి నోటి పైభాగం, అంగిలి లైటు వేసి చూడమను. ఏళ్ళ తరబడి అక్కడ నిప్పు సెగ తగిలితే తెల్లగా మందంగా మారుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలుంటాయి, అంగిలికి క్యాన్సర్ వచ్చేది మన జిల్లాల్లో ఈ అలవాటున్నవాళ్ళలోనే ఎక్కువ చూస్తాం. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ వారంలోనే తీసుకెళ్ళు.


నెల్లిమర్ల_చిన్నోడు, 5:22

చెప్పలేదండి. సోమవారం తీసుకెళ్తాను.


బొబ్బిలి_వీణమ్మ, 5:40

తమ్ముడూ సోమవారం అన్నావు కదా, వెళ్ళొచ్చి ఇక్కడ రాయి, మర్చిపోకు. శ్రీకాకుళం చెల్లీ, జీళ్ళ పరిస్థితి ఏంటి?


నాగావళి_గట్టు, మర్నాడు ఉదయం 8:50

అందరూ అడుగుతున్నారని రాస్తున్నా. నిన్న నాలుగింటికి క్లినిక్ వాళ్ళు ఫోన్ ఎత్తారు, వార్నిష్షే అట, వాళ్ళు వాడినదానికి ఆరు గంటలు వేడి, గట్టివి, జిగురువి వద్దు, బ్రష్ రేపు అన్నారు. కౌంటర్లో అరగంట అన్నారండి అంటే అవునా అని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత సారీ మేడం అన్నారు.

ఐదున్నర వరకు బాగానే గడిచింది. చోడి జావ తాగాడు, అరటిపండు తిన్నాడు, ఆడపడుచు తెచ్చిన అచ్చులు ఫ్రిజ్ మీద గిన్నెలో మూత పెట్టాం. ఏడింటికి చూస్తే అత్తయ్యగారి గదిలో ఇద్దరూ గుసగుసలు. ఐదున్నర దాటిపోయింది కదే, నువ్వే కదా చెప్పావు, అరముక్కే ఇచ్చాను అంటున్నారు. వాడి బుగ్గ ఉబ్బి ఉంది. నోరు తెరవరా అంటే తెరిచాడు, జీడి ముక్క కింది దవడ పళ్ళకి బంకలాగ పట్టేసింది, వేలితో లాగితే సాగి సాగి వచ్చింది, దానికి అడుగున పసుపు పొర రెండు పళ్ళ మేర అతుక్కుని. అక్కా నీ చేగోడీయే గుర్తొచ్చింది. పొద్దున్న మళ్ళీ క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఏడు గంటలకు పైనే ఉంది కాబట్టి మళ్ళీ పూయక్కర్లేదు, ఆర్నెల్లకి రండి అన్నారు. జీళ్ళు మాత్రం మామూలు రోజుల్లో కూడా మానిపించండి, తెల్ల మచ్చలు వచ్చిందే అలాంటివాటివల్ల, ఇలా తింటూ ఉంటే పూత ఎంత పూసినా లాభం లేదు అని కొంచెం గట్టిగానే చెప్పారు.

ఇప్పుడే బ్రష్ చేయించాను, బఠాణీ గింజంత పేస్టే వేశాను, అత్తయ్యగారు ఇంత పిసినారితనమా అన్నట్టు చూశారు. బ్రష్షు కుచ్చుకి పసుపచ్చ ముద్దలు అంటుకుపోయి కొళాయి కింద పెట్టినా సరిగ్గా వదలట్లేదు, పాతదే కదా అని పారేశాను. పళ్ళు తెల్లగా వచ్చేశాయి, తెల్ల మచ్చలు ఇంకా అలాగే ఉన్నాయి, అవి తగ్గడానికి నెలలు పడుతుందట. వాడు అద్దంలో చూసుకుని అమ్మా ఫెవికాల్ పోయింది, ఇంక అచ్చులు తినొచ్చా అని అడుగుతున్నాడు, ఫ్రిజ్ మీదకి స్టూలు వేసింది కూడా ఇప్పుడే చూశాను, వెళ్తున్నా.